వేరు వేరు సంఘాలు కలిసి ఊరికి పనికొచ్చే పని ఎలా చెయ్యాలి

ఒకసారి మేం నాలుగు క్రైస్తవ సంఘాల వాళ్ళం కలిసి ఒక సేవా కార్యక్రమం పెడదామనుకున్నాం. మూడు మీటింగులయ్యాయి, మూడింట్లోనూ తేలని విషయం ఒక్కటే, బ్యానర్ మీద ఎవరి పేరు ముందు రావాలి. అక్షరాల వరసలో వేద్దామని ఒకరు, ఏ సంఘం ముందు మొదలైందో ఆ వరసలో వేద్దామని ఇంకొకరు, నేనేం తక్కువ తినలేదు, మా సంఘమే పెద్దది కదా అన్నట్టు ఒక మాట వదిలాను. కార్యక్రమం జరగలేదు. రెండేళ్ళ తర్వాత ఆ మీటింగుల్లో గొడవపడ్డ వాళ్ళలోనే ఇద్దరం, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇల్లు తుడవడానికి అనుకోకుండా ఒకే రోజు వెళ్ళాం, నాతో వచ్చినాయన చీపురు పట్టాడు నేను బకెట్ పట్టాను, పేర్ల వరస ఎవరికీ గుర్తు రాలేదు. మేం కలిసి పనిచెయ్యడం నిజానికి ఆ రోజు మొదలైంది.

బైబిల్లో లూకా 22 చదివితే కొంచెం ఊరట. ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గరే, రేపు సిలువ అనగా, శిష్యులు మనలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారు. అంటే మన బ్యానర్ గొడవ చాలా పాతది.

ఇక్కడ రాస్తున్నది పాస్టర్లకే కాదు, వెనక బెంచీలో కూర్చునే వాళ్ళకి కూడా. మెట్లు వరసగానే రాస్తున్నా, మీ దగ్గర పరిస్థితిని బట్టి అటూ ఇటూ చేసుకోండి, మొదటిది మాత్రం మార్చొద్దు.

మొదటి మెట్టు: ముందు మీరొక్కరే ఒక పని పట్టుకోండి

ఎవరికీ ఫోన్ చెయ్యకముందు ఒక నెల రోజులు ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న పని చెయ్యండి. మీ సంఘంలో ఎవరూ ఇష్టపడి చెయ్యని పని ఏంటో మీకు ఇప్పటికే తెలుసు, బాత్‌రూములు కడగడమో, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దడమో, మంచాన పడ్డ మనిషి దగ్గర గంటసేపు ఊరికే కూర్చోడమో. అదే తీసుకోండి.

యోహాను 13 లో ప్రభువు భోజనం మధ్యలో లేచి, పైవస్త్రం తీసి, తువాలు నడుముకి కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగారు. ఆ కాలంలో అది ఇంట్లో అందరికంటే కింద ఉండే పనివాడి పని. ఈ భాగం మీద మనం విన్న ప్రసంగాలకి లెక్కలేదు గానీ ఒకటి మాత్రం తొందరగా దాటేస్తాం, అప్పటికి యూదా ఇంకా బయటికి వెళ్ళలేదు, అతని కాళ్ళు కూడా కడిగారు, ఆ రాత్రే తనని శత్రువులకి అప్పగించబోతున్నాడని తెలిసే కడిగారు. మనకి నచ్చిన సంఘం వాళ్ళతో మాత్రమే పనిచేస్తాం అనే ఆప్షన్ అక్కడితోనే పోయింది.

సర్వెంట్ లీడర్‌షిప్ అనే మాట ఇప్పుడు కంపెనీల ట్రైనింగుల్లో కూడా వినిపిస్తుంది. ఆ మాటని 1970 లో వాడుకలోకి తెచ్చింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్, పెద్ద టెలిఫోన్ కంపెనీలో దశాబ్దాలు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పెట్టిన పరీక్ష నాకు బాగా నచ్చుతుంది, మీ సేవ అందుకున్న మనుషులు ఎదుగుతున్నారా, వాళ్ళూ ఇంకొకరికి సేవ చేసేవాళ్ళు అవుతున్నారా అని చూడమంటాడు. మార్కు 10:42-45 లో ప్రభువు చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది, అన్యజనుల (యూదులు కానివాళ్ళ) అధికారులు వాళ్ళమీద పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు, గొప్పవాడై ఉండాలనుకునేవాడు పరిచారం చెయ్యాలి అని.

నెల రోజులే ఎందుకంటే, దాదాపు రెండో వారంలో మీకు కోపం వస్తుంది. నేనిక్కడ ఇంత చేస్తుంటే ఒక్కరూ చూడట్లేదే, ఒక్క థ్యాంక్స్ కూడా లేదే అని. నాకైతే పదో రోజుకే వచ్చింది. ఆ కోపం వచ్చి పోయాక వేరే సంఘాల వాళ్ళతో కూర్చోండి. పోకముందే కూర్చుంటే అది మీతోపాటే మీటింగ్‌కి వస్తుంది.

రెండో మెట్టు: అందర్నీ ఒకేసారి పిలవొద్దు, ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళండి

ఐక్యత మీటింగ్ అని అందర్నీ ఒక హాల్లోకి పిలిస్తే వచ్చినవాళ్ళంతా తమ సంఘానికి ప్రతినిధులుగా వస్తారు, మనిషిగా ఎవరూ రారు. అందుకే ముందు స్నేహం. 1910 లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది, దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులు, ఎక్కువమంది యూరప్ అమెరికాల వాళ్ళే. అక్కడ మన దేశం నుంచి వెళ్ళిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య లేచి మిషనరీల ముఖం మీదే చెప్పారు, మీరు మీ ఆస్తులు పేదల కోసం ఇచ్చారు, మీ శరీరాలు కాలిపోడానికి ఇచ్చారు, దానికి మేం కృతజ్ఞులమే, కానీ మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. రెండేళ్ళకి 1912 లో ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్.

సేవ చేస్తూ కూడా స్నేహం చెయ్యకుండా ఉండొచ్చన్నమాట. వందేళ్ళు దాటినా మన మధ్య ఇదే జబ్బు.

కాబట్టి ఇద్దరినో ముగ్గురినో ఎంచుకోండి, అన్నిటికంటే చిన్న సంఘం దగ్గరకి ముందు వెళ్ళండి, పెద్దవాళ్ళని ముందు కలిస్తే చిన్నవాళ్ళకి అన్నీ డిసైడ్ అయిపోయాక చెప్పినట్టు ఉంటుంది. మొదటిసారి ప్రాజెక్ట్ ఊసే ఎత్తొద్దు. మీ సంఘంలో ఈ మధ్య ఎవరికైనా కష్టంగా ఉందా, దేనికోసం ప్రార్థన చెయ్యమంటారు అని అడగండి, విన్నది రాసుకోండి, నిజంగానే ప్రార్థన చెయ్యండి, రెండు వారాల తర్వాత ఫోన్ చేసి ఆమెకి ఎలా ఉందండీ అని అడగండి. ఈ ఒక్క ఫోన్ పది మీటింగుల పని చేస్తుంది. రెండోసారి వాళ్ళ ఆరాధనకి వెళ్ళి వెనక కూర్చోండి, మనకి అలవాటు లేనివి ఉంటాయి, అక్కడ ధూపం, ఇక్కడ అన్యభాషల్లో ప్రార్థన, ఇంకోచోట వాయిద్యాలే ఉండవు, ముఖంలో ఏమీ కనపడనివ్వకండి, ఇంటికొచ్చి జోకులేసుకోకండి కూడా.

పిలుపుల దగ్గర కొంచెం జాగ్రత్త. కాథలిక్ ఫాదర్‌ని ఫాదర్ అనే పిలవండి, బ్రదర్ అని పిలిచి మీ సిద్ధాంతం అక్కడ నిరూపించనక్కర్లేదు. బ్రదరెన్ వాళ్ళలో చాలా చోట్ల జీతం తీసుకునే పాస్టర్ ఉండరు, పెద్దల్ని కలవాలి. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకి కెప్టెన్, మేజర్ లాంటి హోదాలుంటాయి, పైగా వాళ్ళు బాప్తీస్మం గానీ ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) గానీ ఆచరించరు, ఇది తెలియక ఒకాయన వాళ్ళనే బల్ల వడ్డించమని అడిగి అందర్నీ ఇబ్బంది పెట్టాడు (అవును, అది నేనే).

మరి బాప్తీస్మం, పరిశుద్ధులు, భాషలు, స్త్రీలు బోధించడం, వీటి సంగతేంటి అంటారు. ఇవి చిన్న విషయాలని నేననను, వాటికోసం మనుషులు ప్రాణాలు ఇచ్చారు. అవి తేలాకే కలిసి పనిచేద్దామంటే మాత్రం మన జీవితకాలం చాలదు. వేరు వేరు సంఘాలు కలిసి ఒక్కటైన దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) విషయమే చూడండి, 1919 లో తమిళనాడులోని తరంగంబాడిలో మాటలు మొదలైతే సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27 న, ఇరవై ఎనిమిదేళ్ళు, అందులో బిషప్పుల గురించి, ఎవరి అభిషేకం చెల్లుతుంది అన్నదాని గురించే ఏళ్ళ తరబడి నడిచింది. దానికోసం అంత పాటుపడ్డ అజరయ్య గారు 1945 లోనే ప్రభువు దగ్గరకి వెళ్ళిపోయారు, చూడలేదు. 1952 లో స్వీడన్‌లోని లుండ్ అనే ఊళ్ళో వేరు వేరు సంఘాల వాళ్ళు కూర్చున్నప్పుడు ఒక ప్రశ్న తమ సంఘాల ముందు పెట్టారు, లోతైన నమ్మకాల తేడా వల్ల విడిగా చెయ్యక తప్పని వాటిని వదిలేసి, మిగతావన్నీ మనం కలిసే చెయ్యాలి కదా అని. దాన్నే మీ రూల్‌గా పెట్టుకోండి. ఒక కాగితం మీద గీత గీసి ఒక పక్క విడిగా చెయ్యక తప్పనివి రాయండి, ఇంకో పక్క మిగతావి. ముసలాయన ఇల్లు తుడవడం ఎటు పక్క వస్తుందో మీకే తెలుస్తుంది.

మూడో మెట్టు: ఏం కావాలో అవతలివాళ్ళనే అడగండి

మనం ఇక్కడే బోల్తాపడతాం. నలుగురం కూర్చుని ప్రార్థన చేసి, మనకి తోచింది చేసేసి, అందుకున్నవాళ్ళు ఎందుకు సంతోషంగా లేరా అనుకుంటాం. యిర్మీయా 29:7 లో దేవుడు బబులోనులో చెరలో ఉన్న యూదులతో మీరున్న పట్టణం క్షేమం కోరండి, దానికోసం ప్రార్థించండి అన్నాడు, అది వాళ్ళ సొంత ఊరు కాదు, వాళ్ళని చెరపట్టుకుపోయినవాళ్ళ ఊరు. ఆ ఊరి క్షేమం ఏంటో తెలియాలంటే ఆ ఊరివాళ్ళనే అడగాలి.

ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళండి, ఒక జట్టులో ఇద్దరూ ఒకే సంఘం వాళ్ళు ఉండకూడదు, ఇది ముఖ్యం. ముప్పై ఇళ్ళు చాలు. మూడే ప్రశ్నలు. ఇక్కడ బతకడంలో అన్నిటికంటే కష్టం ఏంటి, దానికోసం ఇప్పటికే ఎవరైనా ఏమైనా చేస్తున్నారా, మేం రెండు చేతులు సాయం పడితే ఎక్కడ పడాలి. బడి టీచర్లని, ఆసుపత్రి నర్సులని, పారిశుద్ధ్య పనివాళ్ళని కూడా అడగండి, ఊరి గుట్టంతా వాళ్ళకే తెలుసు. వేరే మతం వాళ్ళని, ఏ మతమూ లేనివాళ్ళని వదలకండి. కరపత్రాలు జేబులో పెట్టుకుని వెళ్ళకండి ఆ రోజు.

రెండో ప్రశ్నకి జవాబు అవును అయితే, అంటే ఇప్పటికే ఎవరో ఆ పని చేస్తుంటే, కొత్తది మొదలుపెట్టకండి, వెళ్ళి వాళ్ళ కింద చేరండి. వాళ్ళు క్రైస్తవులు కాకపోయినా సరే. నాయకత్వం అంటే సేవ అని చెప్పేవాళ్ళం ఇంకొకళ్ళ కింద పనిచెయ్యలేకపోతే ఇక చెప్పడం దేనికి.

నాలుగో మెట్టు: ఒకే పని, చిన్న పని, ముగింపు తేదీతో

పది పనుల లిస్ట్ వస్తుంది. ఒకటే తీసుకోండి, మూడు నెలలకి ముగింపు తేదీ పెట్టండి. తేదీ ఉంటే మానేసేవాళ్ళు గౌరవంగా మానేస్తారు, లేకపోతే ముఖం చాటేస్తారు. మొదటిసారికి బాగా కుదిరేవి ఏంటంటే ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని వారానికోసారి చూసిరావడం, చదువులో వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం గంట చెప్పడం, రక్తదాన శిబిరం, ఆసుపత్రిలో ఎవరూ లేని రోగుల పక్కన కూర్చోడం. కట్టడాలు వద్దు. బిల్డింగ్ అనగానే స్థలం ఎవరి పేరు మీద అన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వచ్చాక స్నేహాలు మిగలడం నేను పెద్దగా చూడలేదు.

అయిదో మెట్టు: ఎవరికి ఏ పని

అపొస్తలుల కార్యములు 6 ని ఈ పని కోసమే ఒకసారి మళ్ళీ చదవండి. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్ళకి రోజూ పంచే దాంట్లో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఏం చేశారు, సణగొద్దని గద్దించలేదు, కమిటీ వేసి రిపోర్ట్ తెప్పించుకోలేదు, మీలోనుంచే ఏడుగుర్ని ఏర్పరచుకోండి అని వాళ్ళ చేతికే ఇచ్చేశారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందన్న వర్గం వాళ్ళ చేతికే పంపకం అప్పజెప్పారు అనిపిస్తుంది. మీ గుంపులో ఎవరి మాట తక్కువ వినపడుతుందో చూసుకోండి, చిన్న సంఘమో, ఆడవాళ్ళో, కుర్రాళ్ళో, కొత్తగా వచ్చినవాళ్ళో, స్టోర్ రూమ్ తాళంచెవి వాళ్ళకి ఇవ్వండి. సలహాదారు పదవి ఇచ్చి సరిపెట్టకండి, తాళంచెవే ఇవ్వండి.

పెద్దవాళ్ళకి, అంటే పాస్టర్లకి, పెద్దలకి, కనపడని పని ఇవ్వాలి. కింద పని, మొయ్యడం, తుడవడం, రిజిస్టర్ రాయడం. నెహెమ్యా 3 లో యెరూషలేము గోడ కట్టినవాళ్ళ లిస్ట్ ఉంటుంది, చాలామంది చదవకుండా పేజీ తిప్పేస్తారు గానీ అది బంగారం. ప్రధానయాజకుడు ఎల్యాషీబు తన వాళ్ళతో వచ్చి గొఱ్ఱెల గుమ్మం కట్టాడు, కంసాలులు కట్టారు, వర్తకులు కట్టారు, షల్లూము అనే అధికారి తన కూతుళ్ళతో కలిసి కట్టాడు. తెకోవీయుల్లో, అంటే తెకోవ ఊరివాళ్ళలో మామూలు జనం కట్టారు, వాళ్ళ పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా వాళ్ళ గురించి మనకి గుర్తున్న సంగతుల్లో ఒకటి అదే.

ఒక ప్రాక్టికల్ సంగతి, నెలకో సంఘం వాళ్ళు కో-ఆర్డినేటర్‌గా ఉండేలా రొటేషన్ పెట్టుకోండి, కో-ఆర్డినేటర్ పని కేవలం గుర్తుచెయ్యడం, ఎవరు రాలేదో చూసి ఫోన్ చెయ్యడం. మీటింగ్‌లో ఆ నెల కో-ఆర్డినేటర్ చివర మాట్లాడాలి. చాలా తేడా వస్తుంది, నమ్మండి.

ఆరో మెట్టు: డబ్బు

ఇక్కడ ఆధ్యాత్మికంగా మాట్లాడి దాటేసేవాళ్ళని నమ్మకండి. పౌలు అంతటివాడు కూడా మాసిదోనియ, అకయ సంఘాల కానుకని యెరూషలేములోని పేదలకి తీసుకెళ్ళేటప్పుడు ఒక్కడే తీసుకెళ్ళలేదు, 2 కొరింథీ 8 లో తీతుతో పాటు సంఘాలే ఎన్నుకున్న ఇంకో సహోదరుణ్ణి పంపుతున్నా అంటాడు, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మామీద తప్పు మోపకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలి అని కారణం కూడా చెప్తాడు. ఆ కానుక ఇచ్చినవాళ్ళు ఎక్కువగా అన్యజనుల సంఘాల వాళ్ళు, అందుకునేది యూదు విశ్వాసులు, సున్నతి గురించి అంత గొడవ నడుస్తున్న రోజుల్లో. ఆ సంచీ దానికదే ఒక ఐక్యత మీటింగ్.

మీరు చెయ్యాల్సింది ఇది. వీలైతే ఈ పనికే వేరే ఖాతా తెరవండి, ఏ సంఘం ఖాతాలోనూ కలపొద్దు, ఎవరి సొంత ఖాతాలోకీ అసలే వద్దు. డబ్బు తియ్యాలంటే ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ వేరు వేరు సంఘాల వాళ్ళు, చుట్టాలు కాని వాళ్ళు. ప్రతి ఖర్చుకీ రసీదు, రసీదు లేనిదానికి చేత్తో రాసిన చీటీ మీద తేదీ, పని, ఇద్దరి సంతకం. నెల చివర ఒక పేజీ లెక్క తీసి అన్ని సంఘాల్లోనూ ఒకే ఆదివారం చదవండి, ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం చదవొద్దు, మొత్తం ఎంత వచ్చింది, ఎంత అయింది, ఎంత మిగిలింది అంతే. మీ దేశంలో విరాళాలకి చట్టం ఏం అడుగుతుందో ఒక అకౌంటెంట్‌ని ముందే అడగండి, తర్వాత కాదు.

లెక్క అడిగినవాళ్ళని విశ్వాసం లేనివాళ్ళు అనడం మనలో ఒక జాడ్యం. అడిగినవాళ్ళకి టీ ఇచ్చి పుస్తకం చేతిలో పెట్టండి.

ఏడో మెట్టు: పేరు, ఫోటో, ప్రకటన

బ్యానర్ వద్దు. నా అభిప్రాయం ఇంతే, దీనిమీద చాలామంది నాతో గొడవపడ్డారు, పేరు లేకపోతే జనానికి ఎలా తెలుస్తుంది, దేవునికి మహిమ ఎలా వస్తుంది అని. సంఘం పేరు అక్కడ లేకపోతే దేవునికి మహిమ ఎలా తగ్గుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎవరైనా మీరెవరండీ అని అడిగితే చెప్పండి, దాచక్కర్లేదు.

ఫోటోల విషయంలో, సాయం అందుకుంటున్న మనిషి ముఖం తియ్యొద్దు. దాతలకి చూపించాలి అంటే గదిని తియ్యండి, సామాన్లని తియ్యండి, మీ చేతుల్ని తియ్యండి. ఒకామె నాతో అంది, ఆ రోజు మీరిచ్చింది అయిపోయింది గానీ ఆ ఫోటో మాత్రం ఇంకా తిరుగుతోంది బాబూ అని. మత్తయి 6:3 లో కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్నారు, మనం రెండు చేతుల్నీ స్టేటస్‌లో పెడుతున్నాం.

ఇంక సువార్త సంగతి, ఇది లోతైన చర్చ, సంఘాల మధ్య కూడా ఒక మాట ఉండదు, అందుకే పని మొదలవ్వకముందే తేల్చుకోండి. నేను పాటించే గీత ఇది, సాయానికీ వాక్యం వినడానికీ లింకు పెట్టకూడదు. ప్రార్థనకి వస్తేనే ఇస్తాం, కూర్చుని వింటేనే ఇస్తాం, ముందు వాక్యం తర్వాత పంపకం, ఇవేవీ వద్దు. 1994 లో రెడ్‌క్రాస్, ఇంకా విపత్తు సహాయం చేసే పెద్ద సంస్థలు కలిసి పది సూత్రాలతో ఒక ప్రవర్తనా నియమావళి పెట్టుకున్నాయి, అందులో మూడోది సాయాన్ని రాజకీయానికి గానీ మతానికి గానీ వాడుకోకూడదు అని. ఇది బయటివాళ్ళు మనమీద రుద్దింది అనుకోకండి, దాన్ని ముందుకు తెచ్చినవాళ్ళలో ప్రపంచ సంఘాల మండలి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కాథలిక్కుల కారితాస్ కూడా ఉన్నాయి. మీరెందుకు ఇలా చేస్తున్నారు అని ఎవరైనా మనసారా అడిగితే అప్పుడు మీ సాక్ష్యం చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు, రెండు నిమిషాల్లో చెప్పండి, నలభై నిమిషాల్లో కాదు, ఆ తర్వాత మా సంఘానికే రండి అనకండి. క్రీ.శ. 362 ప్రాంతంలో రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవులంటే పడనివాడు, అతనే ఒక ఉత్తరంలో ఫిర్యాదు చేశాడు, ఈ గలిలయవాళ్ళు (క్రైస్తవుల్ని అలా పిలిచేవాడు) తమ పేదల్నే కాకుండా మన పేదల్ని కూడా పోషిస్తున్నారు, మనకి సిగ్గుచేటుగా ఉంది అని. నాకైతే ఇంతకంటే మంచి సర్టిఫికెట్ కనపడదు.

ఎనిమిదో మెట్టు: పిల్లలు, నిస్సహాయులు ఉన్నచోట

ఇది చిన్న మెట్టు, చర్చ లేదు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా తలుపు వెనక ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకే కుటుంబం కానివాళ్ళు. పాస్టర్‌కి కూడా ఇదే రూల్. పిల్లల ఫోన్ నంబర్లకి విడిగా మెసేజ్‌లు వద్దు. ఎవరైనా పిల్ల ఫలానా అతను ఇలా చేశాడని చెప్తే నమ్మి వినండి, ఆమె మాటల్లోనే రాసుకోండి, అదే రోజు పోలీసులకో పిల్లల రక్షణ అధికారులకో చెప్పండి. సంఘ పెద్దలు కూర్చుని లోపల తేల్చుకోవడం, సంఘం పరువు పోతుందని ఆపడం, క్షమించమని ఆ పిల్లకి చెప్పడం, ఇవి పాపం మీద పాపం. నాలుగు సంఘాలూ ఈ పేరా ఒప్పుకుని సంతకం పెట్టాకే పిల్లలతో పని మొదలుపెట్టండి.

తొమ్మిదో మెట్టు: గొడవలు వస్తాయి, ముందే తయారుగా ఉండండి

అన్నిటికంటే పెద్ద గొడవ విశ్వాసుల్ని లాక్కోవడం. కలిసి పనిచేస్తే మనుషులు పరిచయమవుతారు, ఒక కుటుంబం అక్కడ పాటలు బాగున్నాయి అని ఇటునుంచి అటు వెళ్తుంది, ఆ పాస్టర్ గారికి కడుపు మండుతుంది, సహజం. మేం చేసుకున్న ఒప్పందం ఏంటంటే, ఈ పనిలో ఉన్న ఏ సంఘం మనిషైనా ఇంకో సంఘానికి వస్తామంటే, ముందు మీ పాస్టర్ గారికి మీరే చెప్పి రండి అని వెనక్కి పంపడం, తర్వాత ఆ పాస్టర్ గారికి మనమే ఫోన్ చెయ్యడం. ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెయ్యండి, ఆ ఒక్క ఫోన్ చెయ్యనందుకు విడిపోయిన గుంపులు నాకు తెలుసు.

రెండోది, ప్రతి గుంపులో ఒక దియొత్రెఫే ఉంటాడు, 3 యోహానులో అందరిలో ప్రధానత్వం కోరుకునేవాడని పేరు పెట్టి మరీ రాశారు. అతన్ని ఎలా పట్టుకోవాలి అని నన్ను అడుగుతుంటారు, ముందు అది నేనే కాదు కదా అని చూసుకోమంటాను, నాలుగింట మూడుసార్లు కొంచెమైనా మనమే. నిజంగా వేరే మనిషైతే మత్తయి 18 పద్ధతి, ముందు ఒంటరిగా వెళ్ళి అతనికే చెప్పడం. వాట్సాప్ గ్రూప్‌లో వాక్యాలు పోస్ట్ చేసి పరోక్షంగా పొడవడం ఆ పద్ధతిలో ఎక్కడా లేదు.

ఎవరైనా మానేస్తామంటే ఆపకండి. థ్యాంక్స్ చెప్పి, చేసిన పనికి లెక్క చెప్పి, వాళ్ళకోసం మళ్ళీ ప్రార్థన చేసి పంపండి. మా వాళ్ళలో ఒక సంఘం ఇలా వెళ్ళి ఏడాదికి తిరిగొచ్చింది.

పదో మెట్టు: కలిసి ప్రార్థన

పని ముందు పదిహేను నిమిషాలు, అంతకంటే వద్దు. ప్రతివారం ఒక సంఘం వాళ్ళు తమ పద్ధతిలో నడిపించాలి, పుస్తకం చూసి చదివేవాళ్ళు చదువుతారు, అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థించేవాళ్ళు అలాగే చేస్తారు, మౌనంగా ఉండేవాళ్ళు మౌనంగా. చివర పరలోక ప్రార్థన అందరికీ వచ్చు. 1908 నుంచి జనవరి 18-25 మధ్య క్రైస్తవ ఐక్యత ప్రార్థనా వారం జరుగుతోంది, దానికి వాడే ప్రార్థనల్ని 1968 నుంచి కాథలిక్కులూ ప్రపంచ సంఘాల మండలీ కలిసి తయారుచేస్తున్నారు, ఆ వారంలో ఒక సాయంత్రం కలవండి. ప్రభువు బల్ల మాత్రం కలిసి తీసుకోలేని సంఘాలు ఉంటాయి, బలవంతపెట్టొద్దు, తేలిగ్గానూ తీసిపారెయ్యొద్దు. ఒకే ముసలమ్మకి మందులు తీసుకెళ్ళిన ఇద్దరం ఆదివారం ఒకే బల్ల దగ్గర నిలబడలేకపోవడం నొప్పిగా ఉంటుంది, యోహాను 17:21 లో వాళ్ళందరూ ఏకమై ఉండాలి అని ప్రభువు చేసిన ప్రార్థన ఆ నొప్పితో చదివితే వేరేగా వినపడుతుంది.

పదకొండో మెట్టు: మీరు తప్పుకోవడం

మొదటిరోజే రాసిపెట్టుకోండి ఎప్పుడు తప్పుకుంటారో. అపొస్తలుల కార్యములు 11 లో బర్నబా తార్సు దాకా వెతుక్కుంటూ వెళ్ళి సౌలుని (పౌలుకి ఇంకో పేరు) తీసుకొచ్చాడు, అప్పటికి బర్నబా పెద్దమనిషి, సౌలుని నమ్మేవాళ్ళే తక్కువ. కొంతకాలం బర్నబాయు సౌలును అని రాస్తారు, 13 వ అధ్యాయం మధ్యలోనుంచి చూడండి, పౌలును బర్నబాయు అని వరస మారడం మొదలవుతుంది. పేర్ల వరస మారినందుకు బర్నబా అలిగినట్టు ఎక్కడా లేదు. (బ్యానర్ దగ్గర నా సంగతి పైన చదివారు కదా.)

ఎలా తప్పుకోవాలంటే, మీ తర్వాత నడిపించే మనిషి మీ సంఘం మనిషి కాకపోతే మంచిది, మీ చుట్టం అసలే కాకూడదు. ఒక నెల ఆమె పక్కన మీరు కూర్చోండి, ఇంకో నెల మీ స్థానంలో ఆమె, వెనక మీరు. రిజిస్టర్, రసీదుల ఫైలు, తాళంచెవులు, పెద్దవాళ్ళ ఇళ్ళ అడ్రసుల లిస్ట్, అందరి ముందూ చేతికివ్వండి, గ్రూప్‌లో అడ్మిన్ హక్కు కూడా ఆమెకిచ్చి మీరు వదులుకోండి. తర్వాత మూడు వారాలు ఫోన్లు మీకే వస్తాయి, ఫలానాది ఎక్కడుంది, ఫలానాయన రాలేదు ఏం చెయ్యమంటారు అని. జవాబు తెలిసినా సరే ఆమెనే అడగండి అని పెట్టెయ్యండి. నాలుగో వారం చీపురు పట్టుకుని మామూలుగా పనికి వెళ్ళండి, మీకు ఏ ఇల్లు పడిందో ఆమె చెప్తుంది.